బ్లాడర్ తీయాలా, ఉంచొచ్చా: స్మాల్ సెల్ రిపోర్టు వచ్చిన నాన్నగారి గురించి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఏలూరు దగ్గర పల్లెలో ఉండే నాన్నగారికి 66 ఏళ్ళు. లారీ నడిపి మానేశారు, బీడీ మాత్రం మానలేదు. నొప్పేమీ లేకుండా మూత్రంలో రక్తం పడితే వేడి చేసిందనుకుని మూడు నెలలు సబ్జా నీళ్ళు, బార్లీ నీళ్ళు తాగారు. చివరికి స్కోపీ చేసి (మూత్రం దారిలో కెమెరా గొట్టం పెట్టి చూడడం), గడ్డను గీకి తీసి, ముక్క పరీక్షకు పంపారు. స్మాల్ సెల్ న్యూరోఎండోక్రైన్ కార్సినోమా (కార్సినోమా అంటే క్యాన్సరే), కొంత భాగం యూరోథీలియల్ కార్సినోమా, కండర పొరలోకి దిగింది అని రిపోర్టు వచ్చింది. సీటీలో కుడి గోడ మీద 4 సెంటీమీటర్ల గడ్డ ఒక్కటే ఉంది. కిడ్నీలు వాయలేదు, లింఫ్ గ్రంథులు మామూలుగానే ఉన్నాయి. ఒక డాక్టరుగారు వెంటనే మూత్రసంచి తీసేయాలన్నారు. ఇంకొకరు కీమో, రేడియేషన్‌లతో ఉంచొచ్చన్నారు. నాన్నగారేమో "పొట్టకు సంచి కట్టుకుని బతికేకన్నా..." అని మాట మధ్యలో ఆపేస్తున్నారట. ఇద్దరిలో ఎవరి మాట వినాలని కొడుకు అడుగుతున్నారు.

ముందు ఒక మాట. లోపలిదీ సంచే, బయట కట్టేదీ సంచే. "సంచి ఉంచుతాం" అని డాక్టరు అంటే, పొట్ట మీద బ్యాగ్ ఉంచుతారని అర్థం చేసుకుని ఏడ్చిన పెద్దమనిషిని నా ఓపీలో చూశాను. అప్పటినుంచి లోపలిదాన్ని బ్లాడర్ అనీ, బయటదాన్ని బ్యాగ్ అనీ అంటున్నాను. ఇక్కడా అలాగే రాస్తాను. నేను రేడియేషన్ డాక్టర్ని, ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. అంటే బ్లాడర్ ఉంచే వైద్యం వైపు నాకు సహజంగా మొగ్గు ఉంటుంది. చదివేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోండి.

నా జవాబు: మీ నాన్నగారి విషయంలో మొదటి ప్రశ్న బ్లాడర్ గురించి కాదు. తీసినా, ఉంచినా ముందు కీమో పడాలి. ఇద్దరు డాక్టర్లూ బ్లాడర్ గురించే మాట్లాడుతున్నారు కాబట్టి మీరూ దాని గురించే టెన్షన్ పడుతున్నారు. అది మూడు నెలల తర్వాత తీసుకోవలసిన నిర్ణయం. ఈ రెండు మూడు వారాల్లో కీమో మొదలవ్వాలి.

ఎందుకో చెప్తాను. బ్లాడర్ క్యాన్సర్లలో దాదాపు 90 శాతం యూరోథీలియల్ రకం. లోపలి పొరలో పుట్టేది అదే. మిగిలినవన్నీ కలిపి చిన్న గుంపు: స్క్వామస్ (చర్మపు కణాల్లాంటివి), అడినోకార్సినోమా (గ్రంథి కణాల్లాంటివి), స్మాల్ సెల్, ఇంకొన్ని. అందులో స్మాల్ సెల్ ఒక శాతం కన్నా తక్కువే. ఊపిరితిత్తుల్లో వచ్చే స్మాల్ సెల్‌కు ఇది చుట్టం. దానిలాగే త్వరగా పెరుగుతుంది, రక్తంలో కలిసి చాలా ముందే బయటికి పోతుంది. సీటీలో గ్రంథులు బాగానే ఉన్నా, కంటికి కనబడనంత చిన్న కణాలు లివర్‌కో ఎముకకో చేరిపోయి ఉండే అవకాశం ఎక్కువ. ఇలాంటి జబ్బులో ముందే బ్లాడర్ తీసేస్తే ఆపరేషన్ గాయం మానేదాకా ఆరు నుంచి ఎనిమిది వారాలు కీమో ఇవ్వలేం. ఆ విరామంలోనే జబ్బు బయట తేలిన కేసులు నేను చూశాను.

అమెరికాలో హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ ఆస్పత్రి వాళ్ళు 2004లో తమ పాత రికార్డులు తీసి లెక్క కట్టారు. బ్లాడర్ స్మాల్ సెల్‌కు ఆపరేషన్ అయినవాళ్ళు 46 మంది. ముందుగా ఆపరేషన్ చేసినవాళ్ళలో ఐదేళ్ళ తర్వాత ఈ క్యాన్సర్‌తో చనిపోకుండా ఉన్నవాళ్ళు 36 శాతం. ముందు కీమో ఇచ్చి ఆ తర్వాత ఆపరేషన్ చేసినవాళ్ళలో 78 శాతం. చీటీలు తీసి రెండు గుంపులుగా విడదీసిన పరీక్ష కాదిది. కీమో తట్టుకోగలిగిన గట్టివాళ్ళే ఒక గుంపులో చేరి ఉండొచ్చు. అయినా తేడా మరీ పెద్దది. ఆ తర్వాత చాలామంది అదే దారి పట్టారు. అందుకే "వెంటనే తీసేయాలి" అన్న మాటలోని "వెంటనే" దగ్గరే నాకు అభ్యంతరం. "తీసేయాలి" దగ్గర కాదు.

ముక్కలో కొంత యూరోథీలియల్ కూడా ఉందన్నారు కదా, అది మామూలే. సగానికి సగం కేసుల్లో ఇలా కలిసే ఉంటుంది. ఎంత కొంచెమైనా స్మాల్ సెల్ ఉందంటే వైద్యం దాన్ని బట్టే నడుస్తుంది. పులుపు కొంచెమే పడినా పాలు విరగకుండా ఉండవు గదా, అలా. కానీ ఆ రెండో భాగాన్ని మరిచిపోకూడదు. కీమోకు స్మాల్ సెల్ కరిగిపోయి, యూరోథీలియల్ మిగిలిపోవడం కద్దు. అందుకే కీమో అయ్యాక బ్లాడర్‌కు ఏదో ఒక గట్టి వైద్యం, ఆపరేషనో రేడియేషనో, తప్పనిసరి. "కీమోతో గడ్డ మాయమైపోయింది, ఇక ఇంటికి పోతాం" అనేవాళ్ళు నా దగ్గరికి తరచూ వస్తుంటారు. సీటీలో ఏమీ కనబడకపోవడం వేరు, ఏమీ లేకపోవడం వేరు.

ఇక ముక్క సంగతి. ఇది అన్నిటికన్నా ముందు చేయండి. రిపోర్టు కాగితం చాలదు. మైనం దిమ్మల్లో పోసి ఉంచిన ముక్కలు (ల్యాబ్ వాళ్ళు బ్లాక్స్ అంటారు), స్లైడ్లు తెచ్చి, క్యాన్సర్ ఆస్పత్రిలో మళ్ళీ చూపించండి. అరుదైన రకాల్లో పేరు మారితే వైద్యమే మారిపోతుంది. కొన్నేళ్ళ కిందట ఒక పేషెంటును అడినోకార్సినోమా అని పంపించారు, పెల్విస్ ఎంఆర్‌ఐతో సహా అన్నీ సిద్ధం. బ్లాక్స్ మళ్ళీ చూస్తే అది బ్లాడర్‌లో పుట్టినది కాదు, పెద్దపేగు గడ్డ గోడ తొలుచుకుని బ్లాడర్‌లోకి వచ్చింది. కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా పెట్టి చూడడం) ఎవరూ చేయించలేదు. మేము కూడా మొదటి రోజు అడగలేదు, అది ఒప్పుకోవాలి. మీ కేసులో అడగాల్సినవి: స్మాల్ సెల్‌ను గుర్తుపట్టడానికి ముక్క మీద చేసే సినాప్టోఫైసిన్, క్రోమోగ్రానిన్, సీడీ56 అనే రంగు పరీక్షలు చేశారా? కండర పొర ముక్కలో నిజంగా ఉందా, దానిలోకి జబ్బు దిగిందా? బీడీ తాగే మనిషి కాబట్టి ఊపిరితిత్తుల్లో పుట్టిన స్మాల్ సెల్ ఇక్కడికి రాలేదు కదా అని ఛాతీ సీటీ కూడా చూసుకోవాలి. వీలైతే ఒళ్ళంతా చూసే పెట్ సీటీ తీయించండి. తలనొప్పి, తూలడం లాంటివి ఉంటే మెదడుకు ఎంఆర్‌ఐ. గడ్డ బాగా పెద్దదై బ్లాడర్ దాటినవాళ్ళలో మెదడుకు పాకడం ఎక్కువ. మీ నాన్నగారి దశలో ఆ భయం తక్కువ. ఊపిరితిత్తుల స్మాల్ సెల్‌లో చేసినట్టు ముందుజాగ్రత్తగా తలకు రేడియేషన్ ఇవ్వడం ఇక్కడ అలవాటు కాదు.

కీమో అంటే ఎటొపొసైడ్, సిస్‌ప్లాటిన్ అనే రెండు మందులు. మూడు రోజులు సెలైన్‌లో ఎక్కిస్తారు. 21 రోజులకొకసారి, సాధారణంగా నాలుగు సార్లు. సిస్‌ప్లాటిన్ కిడ్నీ మీద, చెవి మీద, అరికాళ్ళ నరాల మీద పనిచేస్తుంది. కాబట్టి క్రియాటినిన్ (కిడ్నీకి చేసే రక్తపరీక్ష) ఒక్కటే చూసి సరిపెట్టకుండా కిడ్నీ వడపోత ఎంతుందో లెక్క కట్టించండి. సన్నగా ఉండే పెద్దవాళ్ళలో క్రియాటినిన్ 1.1 అని రాసి ఉన్నా లోపల వడపోత సగమే ఉండొచ్చు. అది తక్కువైతే సిస్‌ప్లాటిన్ బదులు కార్బోప్లాటిన్ వాడతారు. అది మెత్తటి మందు, బలం కూడా కొంచెం తక్కువే. కీమో రోజుల్లో నీళ్ళు బాగా తాగించండి. జ్వరం 100.4 దాటితే పారాసెటమాల్ వేసి పడుకోబెట్టకుండా అదే రాత్రి ఆస్పత్రికి తీసుకెళ్ళండి. కీమోలో మనుషులు పోయేది ఎక్కువగా ఈ నిర్లక్ష్యం వల్లే.

ఇప్పుడు మీరడిగిన ప్రశ్నకు వద్దాం. నాలుగు కీమోల తర్వాత మళ్ళీ సీటీ, మళ్ళీ స్కోపీ చేసి, గడ్డ ఉన్న చోటి నుంచి ముక్క తీస్తారు. అక్కడ దారి రెండుగా చీలుతుంది.

బ్లాడర్ ఉంచే దారిలో మూడు పనులుంటాయి. గడ్డను స్కోపీతో వీలైనంత పూర్తిగా గీకి తీయడం, మందు, రేడియేషన్. దీన్నే ట్రైమోడాలిటీ అంటారు. రేడియేషన్‌ను మన దగ్గర కరెంటు పెట్టడం అంటారు గానీ షాకూ ఉండదు, నొప్పీ ఉండదు. ఎక్స్‌రే తీయించుకున్నట్టే పడుకోవాలి, పది పదిహేను నిమిషాల పని. వారానికి ఐదు రోజులు, ఆరున్నర వారాలు, మొత్తం 60 నుంచి 66 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత). మామూలు బ్లాడర్ క్యాన్సర్లో 55 గ్రేను 20 సార్లుగా నాలుగు వారాల్లో ఇచ్చే పద్ధతి కూడా ఉంది. బ్రిటన్‌లో అదే ఎక్కువ వాడతారు. అక్కడి రెండు పెద్ద పరీక్షల ఫలితాలు కలిపి 2021లో చూస్తే ఈ పొట్టి కోర్సు పొడుగు కోర్సుకు తీసిపోలేదని తేలింది. ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చేవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. స్మాల్ సెల్‌లో ఏ కోర్సు అన్నది మీ రేడియేషన్ డాక్టరు కీమోతో జోడించి చూసుకుని నిర్ణయిస్తారు.

రేడియేషన్ మూడో వారం నుంచి మూత్రంలో మంట, గంట గంటకూ పరుగులు, కొందరికి విరేచనాలు మొదలవుతాయి. కోర్సు అయిన నెలలోపు చాలావరకు తగ్గుతాయి. ఏడాది రెండేళ్ళ తర్వాత వచ్చేవి వేరు: అప్పుడప్పుడు రక్తపు చారలు, బ్లాడర్ గట్టిపడి తక్కువ పట్టడం, మగవాళ్ళలో అంగస్తంభన తగ్గడం. బ్లాడర్ నిలుపుకున్న 157 మందిని అమెరికాలోని ఆర్‌టీఓజీ అనే రేడియేషన్ పరిశోధన బృందం పరీక్షల నుంచి ఏరి చాలా ఏళ్ళు చూస్తే, తర్వాతి కాలంలో తీవ్రమైన ఇబ్బంది వచ్చినవాళ్ళు 7 శాతం. మిగతావాళ్ళకు అంత ఇబ్బంది రాలేదు. ఇవి స్మాల్ సెల్ లెక్కలు కావు, మామూలు రకం లెక్కలు. రేడియేషన్ పడిన బ్లాడర్ రెండు రకాల్లోనూ ఒకలాగే ఉంటుంది కాబట్టి ఇక్కడ వాడుకున్నాను.

బతికే అవకాశం సంగతేమిటి? మామూలు యూరోథీలియల్‌లో ఒక మంచి పోలిక ఉంది. అమెరికా, కెనడాల్లో మూడు ఆస్పత్రుల్లో 722 మందిని తీసుకుని, బ్లాడర్ తీసినవాళ్ళనూ ట్రైమోడాలిటీ అయినవాళ్ళనూ వయసు, దశ అన్నీ జత కలిపి చూశారు, 2023లో వచ్చింది. ఐదేళ్ళకు జబ్బు వేరే చోటికి పాకనివాళ్ళు ఒక గుంపులో 74 శాతం, ఇంకో గుంపులో 75 శాతం. బ్లాడర్ ఉంచుకున్నవాళ్ళలో 13 శాతం మందికి తర్వాత తీయాల్సి వచ్చింది. కానీ అందులోకి ఎవరిని తీసుకున్నారో చూడండి: గడ్డ ఒకటే, 7 సెంటీమీటర్ల లోపు, రెండు కిడ్నీలూ వాచినవాళ్ళు లేరు, బ్లాడర్ అంతా పరుచుకున్న పైపొర క్యాన్సర్ లేదు. ఏరుకున్న పేషెంట్లు. మీ నాన్నగారి సీటీ ఆ కొలతల్లోకి సరిగ్గా వస్తుంది, గడ్డ రకం మాత్రం రాదు.

స్మాల్ సెల్‌లో అంత పెద్ద పోలిక ఎవరి దగ్గరా లేదు. ఇంత అరుదైన జబ్బులో ఉండదు కూడా. కెనడాలో వ్యాంకూవర్ వాళ్ళు 1999లో, నెదర్లాండ్స్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 2005లో కీమో తర్వాత రేడియేషన్‌తో బ్లాడర్ ఉంచిన చిన్న చిన్న గుంపుల గురించి రాశారు. జబ్బు బ్లాడర్‌కే పరిమితమైనవాళ్ళలో ఏళ్ళ తరబడి బతికినవాళ్ళున్నారు. మనుషులు పోయింది ఎక్కువగా జబ్బు దూరంగా పాకడం వల్లే. నా వృత్తి జీవితంలో ఈ రకం వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందిని చూశాను, వాళ్ళలోనూ అదే చూశాను. బ్లాడర్ తీసినా తీయకపోయినా, ప్రాణం తేల్చింది కీమోకు జబ్బు ఎలా లొంగిందన్నదే.

కాబట్టి నేనైతే ఇలా చేస్తాను. ముందు నాలుగు కీమోలు. గడ్డ చోట ముక్కలో ఏమీ లేదని వస్తే, లేదా కొంచెమే మిగిలితే, రేడియేషన్‌తో బ్లాడర్ ఉంచుతాను. కీమో పడుతుండగానే గడ్డ పెరుగుతున్నా, కిడ్నీ వాయడం మొదలైనా, పైపొర క్యాన్సర్ మచ్చలు చాలా చోట్ల కనబడినా, బ్లాడర్ ముందే పాడై రాత్రికి పదిసార్లు లేస్తున్నా ఆపరేషన్ వైపు మొగ్గుతాను. పనికిరాని బ్లాడర్‌ను కాపాడి ఏం లాభం?

బ్లాడర్ ఉంచుకోవడానికి ఒక షరతుంది, అది చాలామందికి గిట్టదు. మూడు నెలలకొకసారి స్కోపీ, మొదటి రెండేళ్ళు. ఆ తర్వాత ఆరు నెలలకు, ఆ తర్వాత ఏడాదికి, జీవితాంతం. సీటీలు కూడా. ఒకాయన రేడియేషన్ తర్వాత మొదటి రెండు స్కోపీలకు వచ్చారు. మూడోసారి కోతలు, ఆ తర్వాత మనవరాలి పెళ్ళి. పదకొండు నెలలకు రక్తంతో వచ్చేసరికి గడ్డ మళ్ళీ వచ్చి, గ్రంథుల్లోకి పాకింది. స్కోపీలో చిన్నగా ఉండగా దొరికితే బ్లాడర్ తీసి బతికించే అవకాశం ఇంకా ఉండేది. అప్పటి నుంచి ఇంట్లో ఎవరు తేదీలు గుర్తుపెట్టుకుని తీసుకొస్తారని అడిగి, ఆ పేరు కేస్‌షీట్ మీద రాసుకున్నాకే బ్లాడర్ ఉంచే మాట ఎత్తుతున్నాను. మీ ఇంట్లో ఆ మనిషి మీరేనా?

బ్యాగ్ గురించి కూడా నాన్నగారితో మాట్లాడండి, అది ఆయన అనుకుంటున్నంత భయంకరమైనది కాదు. బ్లాడర్ తీస్తే చిన్నపేగు ముక్కతో దారి చేసి, పొట్ట మీద కుడివైపు చిన్న ద్వారం పెడతారు. దాని మీద అంటించే బ్యాగ్ చొక్కా కింద కనబడదు, వాసన రాదు. కొందరికి పేగుతోనే లోపల కొత్త బ్లాడర్ కూడా కడతారు. బ్యాగ్‌తో నాట్లు వేయించే రైతు, బ్యాగ్‌తోనే కిరాణా కొట్టు నడుపుకునే ఆయన నా సర్జన్ మిత్రుడి పేషెంట్లు. వాళ్ళలో ఒకరిని ఫోన్‌లో మాట్లాడించమని మీ సర్జన్‌ను అడగండి. డాక్టరు గంట చెప్పేదానికన్నా అది ఎక్కువ పనిచేస్తుంది. భయంతో బ్లాడర్ ఉంచుకోవడం, తెలిసి ఉంచుకోవడం ఒకటి కాదు. రేడియేషన్ తర్వాత బ్లాడర్ తీయాల్సి వస్తే ఆపరేషన్ కొంచెం కష్టమవుతుంది. లోపల కొత్త బ్లాడర్ కట్టే అవకాశం తగ్గి, ఎక్కువగా బ్యాగే అవుతుంది. ఈ మాట కూడా ఆయనకు ముందే చెప్పాలి.

ఇది చదివే వేరేవాళ్ళ రిపోర్టుల్లో వేరే పేర్లుండొచ్చు. స్మాల్ సెల్‌కు చెప్పింది వాటికి అతికించుకోకండి.

ఎక్కువగా కనబడేది "యూరోథీలియల్ కార్సినోమా విత్ స్క్వామస్ డిఫరెన్షియేషన్", లేదా గ్లాండ్యులర్. పేరు చూసి హడలిపోతారు గానీ ఇది మిశ్రమం. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వాళ్ళు ట్రైమోడాలిటీ ఇచ్చిన 303 మందిని 2017లో చూశారు. అందులో 66 మందివి ఇలాంటి రకాలు, ఎక్కువగా స్క్వామస్, గ్లాండ్యులర్ మిశ్రమాలే. గడ్డ పూర్తిగా కరిగినవాళ్ళు మామూలు రకంలో 83 శాతం, ఈ రకాల్లో 82 శాతం. పదేళ్ళ తర్వాత కూడా లెక్కకు వచ్చే తేడా కనబడలేదు. కాబట్టి ఈ మాట ఒక్కటి రిపోర్టులో ఉందని బ్లాడర్ ఉంచే దారి మూసేయకూడదు.

అచ్చంగా స్క్వామస్ అయితే కథ వేరు. ఈజిప్టులో నైలు కాలువల నీళ్ళలో ఉండే బిల్హార్జియా పురుగు వల్ల ఒకప్పుడు అక్కడ బ్లాడర్ క్యాన్సర్ అంటే ఎక్కువగా ఇదే. పురుగును అదుపు చేశాక తగ్గింది. మన దగ్గర చూసేది ఏళ్ళ తరబడి రాళ్ళున్నవాళ్ళలో, వెన్నుపాము దెబ్బతిని మూత్రం గొట్టంతో బతికేవాళ్ళలో. ఇది కీమోకు పెద్దగా లొంగదు, రేడియేషన్ ఒక్కదానికీ లొంగదు. ఉన్నచోటే మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఇక్కడ నేను రేడియేషన్ డాక్టర్నై ఉండి కూడా ముందు సర్జన్ దగ్గరికే పంపిస్తాను.

నాకు ఇష్టమైన కేసు యూరేకస్ క్యాన్సర్. కడుపులో బిడ్డగా ఉన్నప్పుడు బొడ్డుకూ బ్లాడర్‌కూ మధ్య ఒక గొట్టం ఉంటుంది. పుట్టాక అది దారంలా ఎండిపోతుంది. ఆ దారంలో, బ్లాడర్ పైకప్పు దగ్గర అడినోకార్సినోమా పుడుతుంది. నలభై యాభై ఏళ్ళ వయసులోనే రావచ్చు. రక్తంతో పాటు మూత్రంలో జిగురు పడుతోందని కొందరు చెప్తారు. ఆ మాట విన్న డాక్టరు చెవులు నిక్కబొడుచుకోవాలి. ఇక్కడ బ్లాడర్‌ను కాపాడేది రేడియేషన్ కాదు, సర్జనే. బ్లాడర్ పైభాగం, ఆ దారం, బొడ్డు మొత్తం ఒకే ముక్కగా తీస్తారు, అడుగు భాగం ఉంచుతారు. మిగిలిన బ్లాడర్ కొన్ని నెలల్లో సాగి సర్దుకుంటుంది. బొడ్డు తీయకుండా వదిలేసిన కేసులు రెండోసారి ఆపరేషన్‌కు రావడం చూశాను, కాబట్టి ముందే అడగండి. కీమో అవసరమైతే పెద్దపేగు క్యాన్సర్‌కు వాడే మందుల వైపు వెళ్తారు.

మైక్రోపాపిల్లరీ అని ఉంటే, కండరంలోకి దిగకపోయినా తేలిగ్గా తీసుకోకండి. బ్లాడర్‌లోకి బీసీజీ మందు ఎక్కించి చూద్దాం అంటారు. ఎం.డి. ఆండర్సన్ వాళ్ళు అలా ఎక్కించిన 27 మందిలో మూడింట రెండు వంతుల మందికి జబ్బు కండరంలోకి, ఆ పైకి పోయింది. అందుకే చాలామంది సర్జన్లు ఇక్కడ త్వరగా తీసేయమంటారు. ప్లాస్మసైటాయిడ్ ఇంకా మోసకారి. గడ్డ కట్టకుండా గోడంతా పాకుతుంది, పొట్ట పొరల మీదికి పోతుంది, సీటీ దాన్ని ఎప్పుడూ తక్కువ చేసి చూపిస్తుంది. ఈ రకంలో బ్లాడర్ ఉంచుతానని నేను ధైర్యంగా చెప్పలేను. సార్కోమటాయిడ్ కూడా అంతే. లింఫోఎపిథీలియోమా లాంటిది అని ఉంటే మాత్రం, అచ్చంగా అదే అయితే, కీమోకు, రేడియేషన్‌కు బాగా కరుగుతుంది, బ్లాడర్ ఉంచడానికి తగినది.

అసలు బ్లాడర్ తీసే ప్రశ్నే రాని రకాలూ ఉన్నాయి. బ్లాడర్‌లో పుట్టే నెమ్మది లింఫోమాకు (లింఫ్ కణాల క్యాన్సర్) 24 నుంచి 30 గ్రే కొద్దిపాటి రేడియేషన్ చాలు. పిల్లల్లో వచ్చే రాబ్డోమయోసార్కోమా అనే కండరపు క్యాన్సర్‌కు కీమో, రేడియేషన్‌లతో ఎక్కువమందికి బ్లాడర్ నిలుస్తోంది. మూత్రం పోసేటప్పుడే గుండె దడ, తలనొప్పి, చెమటలు వస్తున్నాయంటే పారాగాంగ్లియోమా అయ్యుండొచ్చు. అది బీపీని అమాంతం పెంచే హార్మోన్లు వదిలే గడ్డ. బీపీ మందులతో సిద్ధం చేయకుండా స్కోపీలో ముట్టుకుంటే ప్రమాదం. సాధారణంగా ఆ ముక్క వరకు తీసి మిగతాది ఉంచుతారు.

మీ నాన్నగారి దగ్గరికి మళ్ళీ వస్తాను. బీడీ ఇవాళే ఆపించండి. "నోట్లో పెట్టిన పొగకూ మూత్రానికీ ఏం సంబంధం?" అంటారు, అందరూ అంటారు. పొగలోని విషాలు రక్తంలో కలిసి, కిడ్నీలో వడకట్టుకుని, గంటల తరబడి నిలవుండేది బ్లాడర్‌లోనే. ఆపితే కీమో తట్టుకుంటారు, రేడియేషన్ ఇబ్బందులు తగ్గుతాయి.

ఆస్పత్రి విషయంలో నా సలహా: కీమో డాక్టరు, రేడియేషన్ డాక్టరు, యూరాలజీ సర్జన్ ముగ్గురూ ఒకే చోట కూర్చుని కేసు చూసే చోటుకు వెళ్ళండి. ట్యూమర్ బోర్డు ఉందా అని అడగండి. మీకు అందుబాటులో విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. హైదరాబాద్ వెళ్ళగలిగితే ఎంఎన్‌జే, నిమ్స్, బసవతారకం ఉన్నాయి. ప్రభుత్వ ఆరోగ్య కార్డు ఉంటే కౌంటర్లో ఆరోగ్యమిత్రను కలిసి, కీమోకు, రేడియేషన్‌కు విడివిడిగా అనుమతి ఎలా తీసుకోవాలో మొదటి రోజే కనుక్కోండి. కీమో మధ్యలో రేడియేషన్ అనుమతి కోసం తిరగడం మొదలుపెడితే వారాలు పోతాయి.

ముగ్గురు డాక్టర్లనూ ఒకే ప్రశ్న అడగండి: "కీమో అయ్యాక స్కోపీలో ఏం కనబడితే ఉంచుతారు, ఏం కనబడితే తీస్తారు?" ఆ గీత ఎక్కడో ఇప్పుడే చెప్పగలిగిన డాక్టరు ఈ జబ్బును ఇంతకుముందు చూసినవారై ఉంటారు. "ముందు చూద్దాం" అని దాటేస్తే ఇంకొకరిని కలవండి. మొదటి డాక్టరుగారి దగ్గరికి మళ్ళీ వెళ్ళడానికి మొహమాటపడకండి. మామూలు రకంలో చాలాసార్లు సరైన మాటే ఆయన చెప్పారు, రకం పేరు ఆయన ముందు పెట్టి "కీమో ముందు పెట్టుకుందామా?" అని అడిగితే ఒప్పుకునే అవకాశమే ఎక్కువ.

బ్లాక్స్ కోసం ల్యాబ్‌కు వెళ్ళేటప్పుడు నాన్నగారి ఆధార్ జిరాక్సు, అసలు రిపోర్టు, డాక్టరు రాసిచ్చిన చీటీ తీసుకెళ్ళండి. స్లైడ్లు మాత్రం ఇచ్చి పంపబోతారు, బ్లాక్స్ కూడా కావాలని అడిగి తీసుకోండి, రసీదు మీద నంబర్లు సరిచూసుకోండి. మైనం దిమ్మలు కదా, ఎండలో పెట్టిన బైకు డిక్కీలో మాత్రం ఉంచకండి. రెండో రిపోర్టు, కిడ్నీ వడపోత లెక్క వచ్చాక ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.